ఒకే కెమెరాతో డీఐసీ: మాడ్యులస్ ఒకసారి 54, ఇంకోసారి 83 ఎందుకొస్తుంది?

డీఐసీ (డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్) అంటే స్పెసిమెన్ మీద చుక్కలు వేసి, లాగేటప్పుడు తీసిన ఫొటోలు పోల్చి స్ట్రెయిన్, అంటే సాగుదల నిష్పత్తి, కొలిచే పద్ధతి. దాని మీద వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. 6061-టీ6 అల్యూమినియం షీట్ నుంచి కోసిన ఫ్లాట్ స్పెసిమెన్: మందం 3 మి.మీ., వెడల్పు 12.5 మి.మీ., గేజ్ లెంగ్త్ 50 మి.మీ. 5 మెగాపిక్సెల్ మోనో కెమెరా ఒక్కటే, 25 మి.మీ. లెన్స్, స్పెసిమెన్‌కి దూరం సుమారు 230 మి.మీ. స్ప్రే డబ్బాతో వేసిన స్పెకిల్ (చుక్కల ప్యాటర్న్), ఎన్‌కార్ అనే డీఐసీ సాఫ్ట్‌వేర్‌లో అనాలిసిస్. 100 ఎంపీఏ దగ్గర మొదటి స్పెసిమెన్‌లో పొడవు దిశలో 1850 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో 1850 వంతులు), అడ్డంగా మైనస్ 80. రెండోదాంట్లో 1210, మైనస్ 725. అంటే మాడ్యులస్ (ఒత్తిడిని స్ట్రెయిన్‌తో భాగిస్తే వచ్చేది) ఒకదానికి 54 జీపీఏ, ఇంకోదానికి 83. రావలసింది 69. సబ్‌సెట్ (సాఫ్ట్‌వేర్ ఒక్కో పాయింటు చుట్టూ తీసుకుని పోల్చే ఫొటో ముక్క) ఎంత మార్చినా తేడా పోవట్లేదు. పైగా నెక్ (తెగే ముందు సన్నబడే చోటు) దగ్గరికొచ్చేసరికి కలర్ మ్యాప్‌లో ఖాళీలు పడుతున్నాయి.

సబ్‌సెట్ మారిస్తే ఇది పోదు. సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పట్లేదు, ఫొటోలో ఉన్నదాన్నే కొలిచింది. తేడా ఫొటోలోనే ఉంది. అదెక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మాడ్యులస్ పక్కన పెట్టి ముందు పాయిసన్ నిష్పత్తి, అంటే అడ్డంగా కుంచించుకున్నదాన్ని పొడవునా సాగినదాంతో భాగిస్తే వచ్చేది, లెక్కేయండి. మొదటి స్పెసిమెన్‌కి 80 బై 1850, అంటే 0.04. రెండోదానికి 725 బై 1210, అంటే 0.6. అల్యూమినియంకి అది 0.33 దగ్గర ఉండాలి. 0.5 దాటిన పాయిసన్ నిష్పత్తి మామూలు లోహానికి ఎలాస్టిక్ దశలో (లోడ్ తీస్తే మళ్లీ వెనక్కొచ్చే దశలో) రాదు. మాడ్యులస్ తక్కువొచ్చిన చోట పాయిసన్ కూడా తక్కువ, ఎక్కువొచ్చిన చోట ఎక్కువ. ఈ జంట ఇలా కనిపిస్తే స్పెసిమెన్ కెమెరా వైపుకో, వెనక్కో కదిలిందని అర్థం.

లెక్క చాలా తేలిక. స్పెసిమెన్ కెమెరాకి దగ్గరైతే బొమ్మ అన్ని దిశల్లోనూ సమానంగా పెద్దదవుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ సాగుదలగా చదువుతుంది. ఆ దొంగ స్ట్రెయిన్ విలువ, కదిలిన దూరాన్ని కెమెరా దూరంతో భాగిస్తే వచ్చేదే. 230 మి.మీ. దూరంలో 0.1 మి.మీ. ముందుకొస్తే 430 మైక్రోస్ట్రెయిన్ పైనే. నిలువు స్ట్రెయిన్‌కీ అడ్డం స్ట్రెయిన్‌కీ ఒకే గుర్తుతో, ఒకే మొత్తం కలుస్తుంది. కాబట్టి రెండింటి తేడా తీస్తే అది కొట్టుకుపోతుంది. మీ సంఖ్యలతోనే చూడండి: 1850కి 80 కలిపితే 1930. 1210కి 725 కలిపితే 1935. రెండు స్పెసిమెన్లూ ఒక్కసారిగా ఒకే మాట చెబుతున్నాయి. పాయిసన్ 0.33 అనుకుని, 100 ఎంపీఏని 1.33తో గుణించి ఈ తేడాతో భాగిస్తే 68.9, 68.7 జీపీఏ వస్తాయి. మీ మెటీరియల్‌లో దోషం లేదు, స్పెకిల్ కూడా పనికిరానంత చెడ్డగా లేదు. మొదటి స్పెసిమెన్ 0.09 మి.మీ. ముందుకొచ్చింది, రెండోది 0.06 మి.మీ. లోపు వెనక్కి వెళ్లింది. అంతే.

ఈ తేడా లెక్క రోగం కనిపెట్టడానికి మాత్రమే. పాయిసన్ విలువ ముందే అనుకుని మాడ్యులస్ తీసి, దాన్ని థీసిస్‌లో కొలిచిన విలువగా వేస్తే ఎగ్జామినర్ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా.

పదో వంతు మిల్లీమీటరు ఎక్కడ కదిలింది? వెడ్జ్ గ్రిప్‌లో జాలు (స్పెసిమెన్‌ని పట్టే దవడలు) లోడ్ పెరిగేకొద్దీ ఇంకా లోపలికి దిగి కుదురుకుంటాయి. మందం దిశలో స్పెసిమెన్ సరిగ్గా మధ్యలో లేకపోతే లోడ్ లైన్ మీదికి జరుగుతుంది. షీరింగ్ మెషీన్ మీద కోసిన షీట్‌కి కాస్త వంపు ఉంటే అది లోడ్‌కి తిన్నగా అవుతుంది. ఈ మూడూ ఎక్కువగా జరిగేది లోడ్ మొదట్లోనే, సరిగ్గా మీరు మాడ్యులస్ తీస్తున్న చోట. మందం తగ్గడం వల్ల ఉపరితలం వెనక్కి పోవడం కూడా ఉంటుంది గానీ, ఎలాస్టిక్ దశలో అది మైక్రాన్ కూడా ఉండదు, పట్టించుకోనక్కర్లేదు.

సరిచేయడంలో మొదటి మెట్టు, పైసా ఖర్చు లేనిది, ప్రీలోడ్. మీ క్రాస్ సెక్షన్ 37.5 చదరపు మి.మీ. కాబట్టి 750 న్యూటన్లకి 20 ఎంపీఏ. అంతవరకు లాగి, ఆపి, అప్పుడు రెఫరెన్స్ ఫొటో తీయండి. మాడ్యులస్ స్లోప్ 30 నుంచి 130 ఎంపీఏ మధ్య తీయండి. సున్నా నుంచి తీయొద్దు. దీంతోనే సగం పైగా గొడవ తీరిపోతుంది.

రెండోది దూరం పెంచడం. మీ సెన్సార్ పిక్సెల్ 3.45 మైక్రాన్ల రకమైతే, నిలువునా 70 మి.మీ. కనిపించేలా పెట్టినప్పుడు 25 మి.మీ. లెన్స్‌కి దూరం 230 మి.మీ. వస్తుంది, మీది అదే. 50 మి.మీ. లెన్స్ పెడితే అదే ఫ్రేమ్‌కి 465 మి.మీ., 75 మి.మీ. లెన్స్‌కి 700 మి.మీ. దొంగ స్ట్రెయిన్ సగానికి, మూడో వంతుకి పడిపోతుంది, రిజల్యూషన్ ఏమీ పోదు. ఒకే కెమెరా డీఐసీకి చిన్న ఫోకల్ లెంగ్త్ లెన్స్ కొనడం వృథా. టెలిసెంట్రిక్ లెన్స్ అయితే ఈ దోషం దాదాపు ఉండదు గానీ, 70 మి.మీ. ఫ్రేమ్‌కి అది చాలా బరువు, చాలా ఖరీదు. అంత డబ్బుంటే రెండో కెమెరా కొని స్టీరియో పెట్టుకోవడం మేలు.

మూడోది డమ్మీ ముక్క. అదే మందం ఉన్న చిన్న షీట్ ముక్కకి స్పెకిల్ వేసి, గేజ్ పక్కనే, అదే తలంలో ఉండేలా, ఒక్క చోట మాత్రమే స్పెసిమెన్‌కి తగిలించండి. దాని మీద లోడ్ ఉండదు. కాబట్టి దాంట్లో కనిపించే స్ట్రెయిన్ మొత్తం ముందుకీ వెనక్కీ కదలడం వల్ల వచ్చిందే. దాన్ని నిలువు, అడ్డం రెండింటిలోంచీ తీసేయండి. రెండు చోట్ల అంటిస్తే అదీ సాగుతుంది, పని చెడుతుంది.

అనుమానం ఇంకా ఉంటే 0.01 మి.మీ. డయల్ గేజ్‌ని మాగ్నెటిక్ బేస్ మీద పెట్టి, స్పెసిమెన్ వెనక మధ్యలో ఆనించి 100 ఎంపీఏ వరకు లాగండి. ముల్లు ఎన్ని గీతలు కదిలిందో చూస్తే మిగతా వాదనలన్నీ ఆగిపోతాయి.

ఇప్పుడు దీనికి దగ్గరి చుట్టం, కానీ వేరే జబ్బు: బెండింగ్. డీఐసీ చూసేది ఒక్క ముఖమే. స్పెసిమెన్ వంగుతూ సాగుతుంటే కనిపించే ముఖం మీద ఎక్కువో తక్కువో స్ట్రెయిన్ నిజంగానే ఉంటుంది. అప్పుడు నిలువు స్ట్రెయిన్ ఎంత శాతం తప్పితే అడ్డం స్ట్రెయిన్ కూడా అంతే తప్పుతుంది. కాబట్టి మాడ్యులస్ తప్పు, పాయిసన్ మాత్రం 0.33. దీనికి మందు: 130 ఎంపీఏ వరకు లాగి వదిలేయండి, ఈల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 276 ఎంపీఏ దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. రెండో ముఖానికి కూడా స్పెకిల్ వేసి, స్పెసిమెన్‌ని గ్రిప్‌లోంచి తీయకుండా కెమెరాని అటు వైపుకి మార్చి, మళ్లీ లాగండి. రెండు స్లోపుల్లోని స్ట్రెయిన్ సగటు తీసుకోండి. మాడ్యులస్ కోసం స్టాండర్డ్‌లు రెండు వైపులా కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ (స్పెసిమెన్‌కి తగిలించి సాగుదల కొలిచే పరికరం) అడిగేది ఇందుకే.

పాయిసన్ సరిగ్గా ఉండి, రెండు ముఖాల మీదా మాడ్యులస్ ఒకే దిశలో తప్పుతుంటే ఇక కెమెరాని అనవద్దు. మందం మైక్రోమీటర్‌తో కొలిచారా, పెయింట్ మీద కొలిచారా? లోడ్ సెల్ ఎంత కెపాసిటీ? చాలా కాలేజీల్లో ఉన్నది 40 టన్నుల యూటీఎం (యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్). మీ 100 ఎంపీఏ అంటే 3750 న్యూటన్లు, ఆ మెషీన్ సామర్థ్యంలో ఒక శాతం కూడా కాదు. కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లో కింది పరిమితి ఎక్కడిదాకా ఉందో చూడండి, మీ కొలత దానికంటే కిందే ఉండొచ్చు.

ఇక మీరు ఎంత చిన్న కదలికని కొలుస్తున్నారో ఒకసారి పిక్సెల్స్‌లో చూద్దాం. 70 మి.మీ.కి 2448 పిక్సెల్స్, అంటే పిక్సెల్‌కి 0.0286 మి.మీ. 50 మి.మీ. గేజ్ 1750 పిక్సెల్స్. 100 ఎంపీఏ దగ్గర నిజమైన స్ట్రెయిన్ 1450 మైక్రో. గేజ్ మొత్తం సాగేది రెండున్నర పిక్సెల్స్. అడ్డంగా 12.5 మి.మీ. అంటే 437 పిక్సెల్స్, అది కుంచించుకునేది 0.2 పిక్సెల్. మీ మాడ్యులస్, పాయిసన్ రెండూ ఈ రెండు సంఖ్యల మీద నిలబడ్డాయి. మంచి స్పెకిల్‌తో ఒక్కో పాయింటు డిస్‌ప్లేస్‌మెంట్‌లో నాయిస్ 0.01 నుంచి 0.02 పిక్సెల్ ఉంటుంది. గేజ్ రెండు చివర్ల మధ్య కొలిస్తే అది 12 మైక్రోస్ట్రెయిన్ దగ్గర ఆగుతుంది. అదే 100 పిక్సెల్స్ దూరంలో ఉన్న రెండు పాయింట్ల మధ్య కొలిస్తే 200 దాటుతుంది. అందుకే మాడ్యులస్ కోసం స్ట్రెయిన్ మ్యాప్‌లో ఒక చోట క్లిక్ చేసి విలువ తీసుకోకూడదు. డిస్‌ప్లేస్‌మెంట్ ఫీల్డ్ ఎక్స్‌పోర్ట్ చేసి, గేజ్ మొత్తం మీద ఒక సమతలం ఫిట్ చేసి, దాని వాలు తీసుకోండి. అడ్డం స్ట్రెయిన్‌కి ఇది తప్పనిసరి. వేల పాయింట్ల సగటు లేకుండా 0.2 పిక్సెల్‌ని నమ్మలేం.

టెస్ట్ మొదలయ్యే ముందు లోడ్ లేకుండా పది ఫొటోలు తీసి అదే ప్రాసెస్ చేయండి. స్ట్రెయిన్ సున్నా రావాలి. గేజ్ మొత్తం మీద చెదురు 30 మైక్రోస్ట్రెయిన్ దాటితే ముందుకెళ్లొద్దు. తర్వాత స్పెసిమెన్‌ని పై గ్రిప్‌లో మాత్రమే పట్టి, క్రాస్‌హెడ్‌ని 1 మి.మీ. జరిపి ఇంకో పది తీయండి. అప్పుడు స్ట్రెయిన్ కనిపిస్తే లెన్స్ డిస్టార్షన్ గానీ, కెమెరా వాలు గానీ కారణం. ఈ రెండూ కలిపి పావుగంట పని. చెయ్యకపోతే పోయేది మొత్తం సెట్ స్పెసిమెన్లు.

ఆ పది ఫొటోల్లో స్ట్రెయిన్ మెల్లగా ఒకే వైపు జారుతుంటే కెమెరా ఇంకా వేడెక్కుతోందని అర్థం. ఆన్ చేసి అరగంట నుంచి గంట వదిలేయండి. జారకుండా గజిబిజిగా ఊగుతుంటే వేడిగాలి: హాలోజెన్ లైటు పెట్టి ఉంటారు, లేదా లైటు స్పెసిమెన్ కింద ఉంటుంది. ఎల్‌ఈడీకి మారండి. హైడ్రాలిక్ పవర్ ప్యాక్ నడిచేటప్పుడు మాత్రమే ఊగితే ట్రైపాడ్ సంగతి చూడండి.

స్పెకిల్ సైజు 3 నుంచి 5 పిక్సెల్స్. మీ సెటప్‌లో అది 0.09 నుంచి 0.14 మి.మీ. ఇమేజ్-జే లో ఫొటో తెరిచి, 800 శాతం జూమ్ చేసి, నల్ల చుక్కల అడ్డం లెక్కపెట్టండి. ఒకటి రెండు పిక్సెల్స్ చుక్కలే ఎక్కువుంటే డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్‌లో చారలు చారలుగా తప్పు వస్తుంది, దాన్ని ఏ సెట్టింగూ సరిచేయదు. స్ప్రే డబ్బాతో ఈ సైజు కష్టం గానీ అసాధ్యం కాదు: స్పెసిమెన్‌ని బల్ల మీద పడుకోబెట్టి, అర మీటరు ఎత్తున అడ్డంగా కొట్టి, పొగలా కిందికి దిగే చుక్కల్నే పడనివ్వాలి. నేరుగా కొడితే మరకలవుతాయి. 0.3 మి.మీ. నాజిల్ ఎయిర్‌బ్రష్ ఉంటే హాయి. ఎండాకాలం మధ్యాహ్నం కొడితే చుక్క గాల్లోనే ఆరిపోయి ధూళిలా పడుతుంది, చెయ్యి తగిలితే రాలుతుంది. ముసురు పట్టిన రోజు లాకర్ పెయింట్ తెల్లగా మబ్బుపడుతుంది. కింద తెల్ల కోటు తప్పనిసరిగా మ్యాట్ ఫినిష్, లోహం రంగు కనిపించీ కనిపించనంత పలచగా. ఈ పెయింట్ కంటే ముందే 400 గ్రిట్ ఎమెరీతో రుద్ది, అసిటోన్‌తో తుడవాలి.

ఎపర్చర్ ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్య. ఎఫ్/16కి వెళ్తే ఫోకస్ లోతు పెరుగుతుందని ఆశపడతారు గానీ, డిఫ్రాక్షన్ మచ్చ 20 మైక్రాన్లు దాటి ఆరు పిక్సెల్స్‌కి పాకుతుంది. మీరు కష్టపడి వేసిన చుక్క దాంట్లో కరిగిపోతుంది. గెయిన్ సున్నా, వెలుతురు తక్కువైతే లైటు పెంచండి. 8-బిట్ హిస్టోగ్రామ్ 50 నుంచి 220 మధ్య పరుచుకోవాలి, 255 తాకిన పిక్సెల్ చచ్చినదాని కింద లెక్క. టిఫ్‌లో సేవ్ చేయండి, జేపెగ్ వద్దు.

లోడ్ సిగ్నల్‌ని కెమెరాతో కలపడం. ఫైల్ నంబరుని టైమ్‌గా వాడకండి, మధ్యలో ఫ్రేములు డ్రాప్ అయితే స్లోపే మారిపోతుంది. కెమెరా టైమ్‌స్టాంప్ వాడండి. స్థిరమైన ఆలస్యం అంత ప్రమాదం కాదు, కర్వ్ పక్కకి జరుగుతుంది గానీ వాలు మారదు. సెకనుకి 0.00025 స్ట్రెయిన్ రేటుతో లాగితే ఈల్డ్ దాకా ఉన్న 4000 మైక్రోస్ట్రెయిన్ 16 సెకన్లలో అయిపోతుంది. సెకనుకి ఒక ఫొటో అయితే ఈల్డ్ దాకా పదహారు పాయింట్లే, మాడ్యులస్ తీసే 30 నుంచి 130 ఎంపీఏ మధ్య ఆరే. సెకనుకి కనీసం ఐదు తీయండి.

ఇక నెక్ దగ్గర ఖాళీలు. కారణాలు మూడు, ఒక్కోదాని ఆనవాలు వేరు. ఒరిజినల్ ఫొటోని జూమ్ చేసి చూడండి. తెల్ల కోటు పగిలి లోహం మెరుస్తుంటే పెయింట్ మందమైంది లేదా పాతబడింది. పెయింట్ వేసిన రోజే, బాగా గట్టిపడేలోపు టెస్ట్ చేయాలి. వారం ఆగితే అది గాజులా పెళుసెక్కుతుంది. పెయింట్ బాగానే ఉండి నెక్ ఒక వాలు తెల్లగా వెలిగిపోతుంటే అది గ్లేర్: ఉపరితలం వంగి లైటుని సూటిగా కెమెరాలోకి తిప్పుతోంది. లైటు మీద ఒక పోలరైజర్, లెన్స్ మీద దానికి అడ్డంగా ఇంకోటి పెడితే పోతుంది. వెలుతురు బాగా తగ్గుతుంది, ఎక్స్‌పోజర్ పెంచుకోండి. ఫొటోలో రెండూ కనిపించకపోతే ప్యాటర్న్ మొదటి ఫొటోతో పోల్చలేనంత సాగింది. అప్పుడు ఎన్‌కార్‌లో హై స్ట్రెయిన్ అనాలిసిస్ ఆన్ చేయండి, మధ్యమధ్యలో రెఫరెన్స్ మారుస్తుంది. మార్చిన ప్రతిసారీ తప్పు కొంచెం పేరుకుంటుంది కాబట్టి మాడ్యులస్ లెక్కకి మాత్రం దాన్ని ఆన్ చేయకండి. ఒకే టెస్ట్‌ని రెండు సెట్టింగులతో రెండుసార్లు ప్రాసెస్ చేయడంలో తప్పేమీ లేదు, అలాగే చేయాలి.

సబ్‌సెట్ విషయం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ఒక్కో సబ్‌సెట్‌లో అడ్డంగా కనీసం మూడు చుక్కలుండాలి. మీకు పూర్తి వెడల్పు 21 పిక్సెల్స్ సరిపోతుంది. ఎన్‌కార్ అడిగేది రేడియస్, విక్-2డీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ అడిగేది పూర్తి వెడల్పు. విక్-2డీలోని 21 తీసుకెళ్లి ఎన్‌కార్‌లో పెడితే సబ్‌సెట్ రెట్టింపవుతుంది. నెక్‌లో మీరు చూసే స్ట్రెయిన్ ఎంత ప్రాంతం మీద సగటో తెలియాలంటే వర్చువల్ స్ట్రెయిన్ గేజ్ లెక్కేయాలి: స్ట్రెయిన్ విండోలోని (ఒక్కో స్ట్రెయిన్ విలువకి కలిపి వాడే) పాయింట్ల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, స్టెప్‌తో (పక్కపక్క పాయింట్ల మధ్య దూరంతో) గుణించి, సబ్‌సెట్ వెడల్పు కలపాలి. సబ్‌సెట్ 29, స్టెప్ 7, విండో 15 అయితే 127 పిక్సెల్స్, అంటే 3.6 మి.మీ. నెక్ వెడల్పే మందం అంత, 3 మి.మీ. ఉంటుంది. శిఖరం మొత్తాన్ని సగటులో తొక్కేసినట్టే. సబ్‌సెట్ 21, స్టెప్ 5, విండో 5 పెడితే 41 పిక్సెల్స్, 1.2 మి.మీ. నాయిస్ పెరుగుతుంది గానీ, 30 శాతం స్ట్రెయిన్ చూస్తున్న చోట కొన్ని వందల మైక్రోస్ట్రెయిన్ నాయిస్ ఎవరికి కావాలి? మూడు నాలుగు సెట్టింగులతో నెక్ గరిష్ట స్ట్రెయిన్ తీసి, వర్చువల్ గేజ్ సైజుకి ఎదురుగా గ్రాఫ్ గీయండి. సైజు తగ్గేకొద్దీ విలువ పెరుగుతూనే ఉంటే ఇంకా తేలలేదని అర్థం. అప్పుడు ఏ సైజుతో తీశారో పక్కనే రాయకుండా గరిష్ట స్ట్రెయిన్ ఇవ్వడం కుదరదు.

అంచుల దగ్గర సగం సబ్‌సెట్ మేర డేటా రాకపోతే అది ఖాళీ కింద లెక్క కాదు. అలాగే 5052, 5083 లాంటి అల్యూమినియం-మెగ్నీషియం షీట్లలో ప్లాస్టిక్ దశలో పట్టీలు పట్టీలుగా స్ట్రెయిన్ పరిగెత్తడం కనిపిస్తే స్మూతింగ్ పెంచకండి. అది నాయిస్ కాదు, పోర్టెవిన్-లె షాటెలియర్ పట్టీలు. మైల్డ్ స్టీల్‌లో ఈల్డ్ దగ్గర కనిపించేవి లూడర్స్ పట్టీలు.

చివరగా, ఎన్‌కార్ ఇచ్చేది గ్రీన్-లగ్రాంజ్ స్ట్రెయిన్ లేదా అల్మాన్సీ స్ట్రెయిన్, ఇంజనీరింగ్ స్ట్రెయిన్ (సాగినదాన్ని అసలు పొడవుతో భాగిస్తే వచ్చేది) కాదు. ఎలాస్టిక్ దశలో తేడా తెలియదు: 0.2 శాతం దగ్గర అది 2 మైక్రోస్ట్రెయిన్. 20 శాతం దగ్గర మాత్రం గ్రీన్-లగ్రాంజ్ 22 చూపిస్తుంది. గ్రీన్-లగ్రాంజ్ నిలువు స్ట్రెయిన్‌ని రెండుతో గుణించి, ఒకటి కలిపి, వర్గమూలం తీసి, ఒకటి తీసేస్తే ఇంజనీరింగ్ స్ట్రెయిన్ వస్తుంది. క్లిప్-ఆన్ ఎక్స్‌టెన్సోమీటర్ కర్వ్ పక్కన పెట్టి పోల్చేటప్పుడు ముందు ఇది మార్చుకోండి, లేకపోతే ఫ్రాక్చర్ దాకా రెండు గీతలూ మెల్లగా విడిపోతూ పోతాయి.